లాభం తరువాత ఒకటి

1998 ఫిబ్రవరిలో నన్ను ఒడిశాలోని కోరాపుట్ నుంచి రాయగడకు తూనికలు, కొలతల శాఖ ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. కాశీపూర్ బ్లాకులోని వారపు సంతలు నా పరిధిలోకి వచ్చాయి. అది చింతపండు కాలం. కొండల మీది ఊళ్ల నుంచి ఆడవాళ్లు బుట్టలతో టికిరి సంతకు దిగేవారు. అక్కడ కొనేవారిలో ఎక్కువమంది మా సాలూరు, పార్వతీపురం వైపు నుంచి రెండు మూడు తరాల కిందట వెళ్లి స్థిరపడిన తెలుగు వ్యాపారులు.

మా ఉద్యోగం బయటివారికి అంతగా తెలియదు. ఇనుప తూకపురాయి అడుగున చిన్న గుంట ఉంటుంది. అందులో సీసం పోసి, ఆ సీసం మీద శాఖ ముద్ర కొడతాం. ముద్ర ఉన్న రాయి కూడా వాడకంలో అరుగుతుంది, లేదా ఎవరైనా సీసం తోడేస్తారు. అందుకే మా వెంట తీసుకెళ్లిన ప్రామాణిక రాళ్లతో సరిచూడాలి. తక్కెడ పళ్లేలు రెండూ ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు నిటారుగా నిలవాలి. పళ్లెం అడుగున మైనమో అయస్కాంతమో అంటించారేమో చేత్తో తడిమి చూడాలి. ఇదంతా భౌతికశాస్త్రం చదివిన నాకు నచ్చిన పని. చూసింది రాయడం, చూడనిది రాయకపోవడం.

టికిరిలో పెద్ద కొనుగోలుదారు సన్యాసిరావు. నుదుట విభూతి, మెడలో తులసిమాల. ఏటా రామనవమికి అన్నదానం ఆయనదే. తూకపురాళ్లకు పసుపు, కుంకుమ పెట్టి ఉంచేవాడు. తుడిచి పరీక్షించాను. ఒక్క రాయిలోనూ తేడా లేదు. ముల్లు సరిగ్గా ఉంది. "సూసేరా మేడమ్? దేవుడి మీద బయ్యం ఉన్నోడి కాటా ఇలాగే ఉంటాది," అన్నాడాయన. సరేనని సరిచూసిన పత్రం రాయడానికి పక్కనే కుర్చీ వేసుకున్నాను. వ్యాపారం మళ్లీ మొదలైంది.

అప్పుడు సుక్రీ అనే ఝొడియా తెగ స్త్రీ వంతు. పది కిలోల రాయి వేసి ఆమె చింతపండును తూకం తరువాత తూకంగా తూచారు. తూచే మనిషి మొదటిదానికి రాగం తీసి "లాభం" అన్నాడు. రెండోదానికి "ఒకటే ఒకటి" అన్నాడు. తరువాత "రెండే రెండు".

నా కలం ఆగిపోయింది. మా నాయనమ్మ ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనేది కాదు, "లాభం" అనేది. దాని తరువాత రెండు. ఏడు అంటే ఏడుపు గుర్తొస్తుందని "ఆరున్నొకటి" అనేది. తెలుగు కొలతల్లో లాభం అనేది ఒకటికి మంగళకరమైన పేరు, అంతే. ఈ మనిషి లాభాన్ని విడిగా తీసి పక్కన పెట్టి, ఒకటి నుంచి మళ్లీ మొదలుపెడుతున్నాడు. ఐదు తూకాలు పడ్డాయి, నాలుగింటికి లెక్క కట్టారు. మిగిలిన పది కిలోలు, అంటే ఆ కుటుంబం చెట్లెక్కి రాల్చి, గింజ తీసి, ఎండబెట్టి మోసుకొచ్చిన సరుకులో ఐదో వంతు, సంతలో అందరి ముందూ మాయమైంది. నాకు ముందు పనిచేసిన ఒడియా అధికారులకు లాభం అంటే శుభం పలకడమే. అది అంకె అని వాళ్లకు తెలిసే దారి లేదు. సన్యాసిరావుకు తెలుసు. అక్కడున్న ప్రతి తెలుగువాడికీ తెలుసు.

అడిగితే ఆయన కంగారు పడలేదు. "అది దేవుడి తూకం అమ్మా. రాములోరి గుడికి." గుడి పూజారిని విడిగా అడిగాను. ఏడాదికోసారి ఒక బుట్ట చింతపండు వస్తుందన్నాడు. నిజానికి ఆ విచారణ అనవసరం. మొత్తం గుడికే చేరినా, మరొకరి సరుకును చెప్పకుండా తీసుకుని మన దేవుడికి ఇవ్వడాన్ని దానం అనరు. లెక్క చెప్పినదానికన్నా ఎక్కువ సరుకు తీసుకోవడం మా చట్టం ప్రకారం నేరం. కేసు రాస్తానన్నాను.

అప్పుడాయన మర్యాద మారింది. "ఏటమ్మీ, సాలూరు ఆడపడుచువై ఉండి సొంతోల్ల మీదేనా నీ పరీచ్చలు? దేవుడి సొమ్ము మీద కేసా? కళ్లు పోతాయి!"

కేసు నిలవాలంటే శాఖకు సంబంధం లేని సాక్షి సంతకం కావాలి. చుట్టూ జనం. గుడి కమిటీ పెద్ద అరగంట నుంచి అక్కడే నిలబడి ఉన్నాడు. "నాను సూడనేదమ్మా," అన్నాడు. ఆ ఊరి చర్చి పాస్టరు గారూ అక్కడే ఉండి చూశారు. "మేం ఇక్కడ కొద్దిమందిమి మేడమ్, అందరితో ప్రేమగా ఉండాల," అన్నారు. ఇద్దరూ నాకు నమస్కారం పెట్టి మరీ వెళ్లారు. నిజం దాచేటప్పుడు అంత వినయం ఎక్కడి నుంచి వస్తుందో నాకు ఈనాటికీ అర్థం కాదు.

ఉల్లిపాయల సంచీతో అటు వచ్చిన దానియేలు మాస్టారు ఆగి, "ఏటయింది?" అని అడిగారు. ఆయన అక్కడి బడిలో లెక్కలు చెప్పేవారు. కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. తాను మాత్రం ఎన్నడో చర్చి మానేశారు, ఏ దేవుణ్ణీ నమ్మనని అడిగినవారికల్లా చెప్పేవారు. సంతలో తెలిసిన మనిషే. నేను చెప్పింది విని ఆయన వెంటనే సంతకం పెట్టలేదు. తరువాతి మనిషి సరుకు తూచేదాకా నిలబడ్డారు. దేవుడి తూకమనే ధీమాతో సన్యాసిరావు దాన్ని ఆపించలేదు. మళ్లీ లాభం, మళ్లీ ఒకటి. ఆ మనిషి పేరు, తూకాలు కూడా నాచేత రాయించి, "ఇది నాను సూసేను. సుక్రీది సూడనేదు, అది అలాగే రాయండి," అని సంతకం చేశారు.

సన్యాసిరావు నవ్వాడు. "ఏ దేవుడూ నేనోడివి. నీ సాచ్చికం ఎవులు నమ్ముతారు మాస్టారూ?"

"నమ్మక్కర్నేదు సావుకారూ. లెక్కెట్టండి, సాలు."

కేసు రాయగడ కోర్టుకు రావడానికి ఏడాదికి పైగా పట్టింది. ఆ కాలమంతా టికిరిలో ఎవరూ సుక్రీ చింతపండు కొనలేదు. ఆమె మరో సంతకు, రెట్టింపు దూరం మోసుకుపోయింది. కేసు ఓడిపోతే లాభం తూకం ఆ సంతలో చట్టబద్ధమైనట్టే, ఇక ఎవరూ నోరెత్తరు.

సాక్షి దేవుడి పేరు మీద ప్రమాణం చేయవచ్చు. ఇష్టం లేకపోతే ఆ పేరు లేకుండా నిజమే చెబుతానని ధ్రువీకరించవచ్చు. చట్టం రెండింటికీ ఒకే విలువ ఇస్తుంది. మాస్టారు రెండోది కోరారు. కోర్టు హాల్లో నవ్వులు. ముద్దాయి వకీలు దాన్నే పట్టుకున్నాడు. "పైన చూసేవాడు లేడనే మనిషి అబద్ధం చెప్పడానికి ఎందుకు భయపడతాడు?" అని ఒడియాలో అడిగాడు. "పైన చూసేవాడు ఉన్నాడనే వాళ్లంతా ఆ రోజు సంతలోనే ఉన్నారు. వాళ్లను పిలవండి," అని మాస్టారు జవాబిచ్చారు. మేజిస్ట్రేటు తల ఎత్తి, వకీలును తూకం గురించి మాత్రమే అడగమన్నారు. మాస్టారు తాను చూసింది చెప్పారు. చూడనిది ఎంత గుచ్చి అడిగినా చెప్పలేదు.

తరువాత సుక్రీని, మొదటి తూకం దేవుడికి సంతోషంగానే ఇచ్చావు కదా అని అడిగాడు వకీలు. ఆమె దేశియాలో, అంటే ఆ కొండల ఒడియా యాసలో, "ఏ దేవుడికి?" అంది.

"షావుకారు దేవుడికి."

"మా ధరణి తల్లికి కోడిని మేమే ఇచ్చుకుంటాం. షావుకారు చేత పంపం," అంది.

సన్యాసిరావుకు జరిమానా పడింది. తీర్పు వచ్చిన నెలలో చెప్పకుండా టికిరి వెళ్లి సంతలో నిలబడ్డాను. లాభం, రెండు, మూడు. మరో రెండు దుకాణాల్లోనూ అదే లెక్క వినిపించింది. సుక్రీ తిరిగి వచ్చింది, ఆమె బుట్టలన్నిటికీ లెక్క కట్టారు.

దానియేలు మాస్టారు మాత్రం అక్కడ లేరు. ఇంట్లో పూజలుంటాయని, నమ్మకం లేనివాళ్లు ఉండకూడదని ఇంటి యజమాని ఖాళీ చేయించాడట. అదే మనిషి ఎన్నో ఏళ్లు ఆయన దగ్గర అద్దె తీసుకున్నాడు. చర్చి ఆవరణలో ఒక గది ఖాళీగా ఉంటే, అది విశ్వాసులకేనని పాస్టరు గారు సెలవిచ్చారు. ఆ ఊళ్లో గుడివాళ్లూ చర్చివాళ్లూ ఒక్క మాట మీద నిలబడటం నేను చూసింది ఆ కేసు విషయంలోనే. కొంతకాలం ఆయన రాయగడ నుంచి బస్సులో వచ్చి పాఠాలు చెప్పారు. తరువాత పద్మపూర్‌కు బదిలీ కోరుకుని వెళ్లిపోయారు.

ఇప్పుడు మా పెన్షనర్ల సమావేశాల్లో, జనంలో భక్తి తగ్గడం వల్లే నీతి పోయిందని ఎవరో ఒకరు ప్రసంగిస్తారు, మిగిలినవారు తలలూపుతారు. ఆధారం అడిగితే ముఖాలు ముడుచుకుంటారు. ఒక్క కేసుతో సిద్ధాంతం కట్టడం నా చదువుకు విరుద్ధం. నాస్తికుడు కాబట్టే మాస్టారు నిజం చెప్పారని నేను అనను. సుక్రీ ఏటా ధరణికి మొక్కే మనిషి, ఆమె కూడా నిజమే చెప్పింది. నాకు తెలిసింది ఇంతే. ఆ దొంగతనం దైవభీతి నిండుగా ఉన్న రోజుల్లో, భక్తుల కళ్ల ముందు, దేవుడి పేరుతోనే సాగింది. చూసింది చూశానని చెప్పే మనిషి దొరికినప్పుడు ఆగింది. మతం తగ్గిపోతే నీతి బతుకుతుందా అని బెంగపడేవారు ముందు అలాంటి మనిషికి తమ ఊళ్లో ఒక అద్దె ఇల్లు ఇవ్వాలి.