వడ్డించే చేతికి వైద్యం చేసిన షాహెదక్క

పోయిన మంగళవారం పొద్దున, నేను క్లినిక్ తాళం ఇంకా తీయకముందే బోధన్ నుంచి ఫోన్ వచ్చింది. "సాబ్, అమ్మీ ఇగ లేదు" అన్నది షాహెదక్క కూతురు. వారం రోజుల జ్వరం ఆమెను తీసుకుపోయింది. కంఠేశ్వర్‌లోని నా షుగర్ క్లినిక్‌లో పంతొమ్మిదేళ్లు నర్సుగా పనిచేసిన మనిషి ఆమె. మొన్న మొన్నటిదాకా బోధన్ బస్సు దిగి, నాకంటే ముందే వచ్చి వరండా బెంచీ మీద కూర్చునేది. ఆ మనిషి లేదన్న మాట నా బుద్ధికి ఎక్కలేదు. తాళంచెవి పట్టుకొని మెట్ల మీదనే కూర్చున్నాను.

ఆత్మీయుల నిర్యాణవార్త విని నిర్ఘాంతపోయామని అందరూ రాస్తారు. నేనూ నిర్ఘాంతపోయాను. కానీ పోయిన మనిషి గురించి రాసేటప్పుడు అబద్ధం రాయకూడదు కనుక ఇంకో సంగతీ ఒప్పుకోవాలి. ఆ మధ్యాహ్నం ఆమె ఇంటి ముందు సందులో పట్టకుండా నిలబడ్డ జనాన్ని చూడగానే నా మనసులో మెదిలిన మొదటి భావం దుఃఖం కాదు. 'రేపు నేను పోతే ఇంతమంది వస్తారా?' అన్న ప్రశ్న. చెరుకు రైతులు, బట్టల దుకాణాలవాళ్లు, మహారాష్ట్ర వైపు నుంచి వచ్చి మరాఠీలో ఏడుస్తున్న ఇద్దరు ఆడవాళ్లు. సగానికి సగం నా పేషెంట్లే. ఒకాయన నా రెండు చేతులూ పట్టుకొని "ఇగ మాకు మంచిచెడ్డ చెప్పేటోళ్లెవరు సాబ్?" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను డాక్టర్ని. ఆయన ఎదురుగానే నిలబడి ఉన్నాను.

అసూయ నాకు పాత జబ్బు. నా గది గోడల నిండా పట్టాలున్నాయి. వచ్చిన పేషెంటు మాత్రం నా తలుపు సగం తెరిచి "అక్క ఉన్నదా?" అని అడిగేవాడు. నా దగ్గర రెండు నిమిషాలు కూర్చొని చీటీ రాయించుకునేవాడు. ఆమె బెంచీ దగ్గర అరగంట కూర్చునేవాడు. ఆ వరండాలోంచి వినిపించే నవ్వులకు నేను లోపల పళ్లు నూరుకున్న రోజులు లెక్కలేదు.

రంగుల కాగితం మీద నేనొక ఆహారపట్టిక అచ్చు వేయించాను. ఓట్స్, బ్రౌన్ బ్రెడ్, ఆలివ్ నూనె, పొద్దున ఒక ఆపిల్ పండు. మెండోర నుంచి వచ్చే గంగన్న, పసుపూ వరీ పండించే రైతు, ఆ కాగితాన్ని రెండేళ్లు భద్రంగా జేబులో పెట్టుకొని తిరిగాడు. అతని షుగర్ మాత్రం అణువంత దిగలేదు. నేను అరిచేవాణ్ణి, అతను తల వంచుకునేవాడు. ఒకరోజు షాహెదక్క అతనితో అన్నది: "గంగన్నా, వచ్చేసారి నువ్వు రోజు తినే కంచం తీస్కరా. వదినెను గూడ తోల్కరా."

అతను నిజంగానే సంచిలో కంచం పెట్టుకొని, భార్యను వెంటబెట్టుకొని వచ్చాడు. షాహెదక్క ఆ కంచాన్ని ఆ ఇల్లాలి ఒళ్లో పెట్టి, సుద్దముక్కతో గీతలు గీసింది. "గీ సగం కూర. గీడ పప్పు. గీ మూలకు అన్నం, లేకుంటె జొన్నరొట్టె. రెండు కాదు వదినా, ఒక్కటే." మన ఇళ్ల సంగతి తెలిసిందే కదా, మారు వడ్డించనిది వడ్డన కిందికే రాదు. వద్దన్నవాడు అలిగినట్టు లెక్క. రెండోసారి అన్నం వద్దని చెప్పమని నేను మగవాళ్లకు నూరిపోసేవాణ్ణి. వాళ్లు ఇంటి ఆడవాళ్ల మనసు నొప్పించలేక తిని, మళ్లీ నా తిట్లు తినడానికి వచ్చేవాళ్లు. షాహెదక్క ఆ మారు ఆనవాయితీని ముట్టుకోలేదు. "మారు పెట్టు వదినా, మంచిగ పెట్టు. గని మారు కూర పెట్టు. అన్నం గిన్నె బయటికే తేకు" అన్నది. గంగన్న భార్య నవ్వింది: "గింతేనా అక్కా? గిది డాక్టర్ సారు చెప్పకపాయె!"

మూడు నెలలకు గంగన్న షుగర్ దిగింది. షాహెదక్కకు పసుపు కొమ్ముల మూట వచ్చింది, నాకు నమస్తే వచ్చింది.

ఆ తరువాత నా క్లినిక్‌లో కంచాల మోత మొదలైంది. స్టీలు కంచాలు, ఇత్తడి పళ్లాలు, ఒకావిడ ఏకంగా పెళ్లినాటి వెండికంచం. "ఇది దవాఖానానా, ఫంక్షన్ హాలా?" అని నేను కేకలు వేస్తే షాహెదక్క నిదానంగా చెప్పింది: "మీరిచ్చిన చిట్టీని అల్మారిల వెట్టి మర్చిపోతరు సాబ్. కంచం రోజుకు మూడుసార్లు ముందటికొస్తది. తినేటోనికి ఎంత చెప్పినా ఆకలైతె యాదికుండదు. వడ్డించేటోళ్లకు చెప్పాలె." నాకు ఇంకా మండింది. అలాగని ఆమె ఎన్నడూ మందులు మానమని ఎవరికీ చెప్పలేదు. "గోలి సాబ్ చేతిల, కంచం నా చేతిల" అనేది. చెరుకు తోట మోటారును ఇంట్లో కూర్చొని ఫోన్‌తో బంద్ చేసే రైతుల్ని మాత్రం గట్టిగా మందలించేది. "రాత్రి తిన్నంక నడుసుకుంట పోయి బంద్ జెయ్యి. ఫోను నడిస్తె నీ షుగర్ దిగుతదా?" అనేది.

ఆమె నా ఇంట్లోకీ వచ్చింది. మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, క్లినిక్ పైఅంతస్తులో మాతోనే ఉండేది. ఆమెకూ షుగరే. చక్కెర మానెయ్యమన్నాను, మానేసింది. షుగర్ పెరిగింది. గోలీలు పెంచాను, మళ్లీ పెంచాను. ఒక ఏకాదశి నాడు అవ్వ గోలీ వేసుకొని ఒక్కపొద్దు ఉండి, చెమటలు పట్టి పడిపోయింది. నేను కింద పేషెంట్లతో ఉన్నాను. షాహెదక్క పైకి పరుగెత్తి చక్కెర నీళ్లు తాగించి ప్రాణం నిలిపింది. చక్కెర కోసం వంటింట్లో వెతికినప్పుడు ఆమెకు డబ్బా నిండా బెల్లం కనపడింది. అవ్వ తేరుకున్నాక అడిగింది: "అవ్వా, గిదేంది?"

"బెల్లం బిడ్డా, మా తల్లిగారింటిది. చక్కెర బంద్ జెయ్యమన్నడు కొడుకు, చేసిన. బెల్లం సంగతి వాడు అనలే."

చెరుకు పండే ఇళ్లలో పుట్టినవాళ్లకు చక్కెర ఫ్యాక్టరీది, బెల్లం మనది. మనది మనకు చెరుపు చేయదని వాళ్ల గట్టి నమ్మకం. ఈ నేల మీదనే పుట్టిన నాకు అది తెలియదా? తెలుసు. అడగాలని తోచలేదు. షాహెదక్క అవ్వను బెల్లం మానమనలేదు. "పున్నమికోసారి ఇంత ముక్క తిను అవ్వా. నేను గూడ వస్త, ఇద్దరం కల్సి తిందం" అన్నది. ఆ నెల నుంచి ప్రతి పున్నమికీ పైకి వెళ్లి, గోరంత ముక్క అవ్వ నోట్లో పెట్టి, తానొకటి వేసుకొని ముచ్చట పెట్టేది. అవ్వ గోలీలు తగ్గించగలిగాం. పోయేదాకా అవ్వ క్యాలెండర్ ముందు నిలబడి పున్నమికి ఎన్నాళ్లుందో లెక్కపెట్టుకునేది. నా తల్లి నా కోసం అట్లా లెక్కపెట్టడం నేను చూడలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ కడుపు రగిలిపోయేది.

ఇంకో సిగ్గుమాలిన పని కూడా చేశాను. ఒక వైద్యుల సభలో 'మందు తినేవాడికి, మాట వడ్డించేవారికి' అని, అది నా ఆలోచనే అన్నట్టు ప్రసంగించాను. చప్పట్లు మోగాయి, శాలువా కప్పారు. షాహెదక్క వెనుక వరుసలో ఉంది. బయటికి రాగానే "మంచిగ చెప్పిండ్రు సాబ్" అన్నది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఎంత వెతికినా నాకు దొరకలేదు. ఉంటే బాగుండేది, పోట్లాడేవాణ్ణి.

ఇప్పుడు నా జబ్బు సంగతి. ఆరేళ్ల కింద నాకూ షుగర్ వచ్చింది. షుగర్ డాక్టర్‌కు షుగరంటే జనం నవ్వుతారని భయపడి, నా నెత్తురును 'రాజన్న' అనే లేని పేషెంటు పేరు మీద పరీక్షకు పంపాను. ఆ రిపోర్టు ఫైల్లో పెడుతూ షాహెదక్క అడిగింది: "సాబ్, గీ రాజన్నకు ఇంట్ల వడ్డించేదెవరు?" భార్య అన్నాను. "అచ్ఛా" అని వెళ్లిపోయింది. మూడు నెలలకోసారి రాజన్న రిపోర్టు వచ్చేది, ప్రతిసారీ చక్కగా ఉండేది. నా గోలీల ఎంపికకూ నా పొద్దుటి నడకకూ నన్ను నేనే మెచ్చుకునేవాణ్ణి. నా భార్యకు కూడా చెప్పలేదు.

జనాజా వెంట నడుస్తుంటే ఎవరో గొణిగారు: "గంత పత్యం జేసి ఏం ఫాయిదా, అరవై ఒకటికే పాయె." ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, నా లోపల ఏదో సంతోషించింది. చావు రాదని ఆమె ఎవరికీ మాట ఇవ్వలేదు. ఉన్నన్నాళ్లు మన కళ్లతో మనం చూడాలని, మన కాళ్లతో మనం నడవాలని మాత్రమే చెప్పింది. ఆమె జనాజాను భుజాన మోసినవాళ్లలో, కాలు తీసేయాల్సి వస్తుందని నేను భయపెట్టినవాళ్లు ఇద్దరున్నారు. ఇద్దరూ తమ కాళ్ల మీదనే ఖబ్రస్తాన్ దాకా నడిచారు.

మరునాడు భోజనానికి కూర్చున్నాను. మారు అన్నం అడిగితే నా భార్య ఎప్పటిలాగే "అన్నం అయిపోయింది" అని సొరకాయ కూర తెచ్చింది. ఏళ్ల తరబడి ఇదే తంతు. వయసు మీదపడి ఇల్లాలికి బియ్యం లెక్క తప్పుతోందనుకునేవాణ్ణి. ఇంత చదివినవాడికి అంతకుమించి తట్టలేదు. ఆ రోజు మనసు బాగాలేక విసుక్కున్నాను: "ఒక్కరోజన్నా సరిపడా వండవా?"

ఆమె గిన్నె కింద పెట్టి ఏడ్చేసింది. "ఎన్నడూ అయిపోలే. ఆరేండ్ల సంది లోపట ఉంటనే ఉన్నది. షాహెదక్క పెట్టొద్దన్నది. ఎందుకక్కా అని అడిగితె చెప్పలే. 'సాబే చెప్తడు, గప్పటిదాంక గిట్లనే వడ్డించు' అన్నది. మొన్న జ్వరంల చూడవోతె గూడ అడిగింది, సాబ్ చెప్పిండా అని. మీరెన్నడు చెప్పకపోతిరి."

చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. నా రహస్యాన్ని ఆమె నా భార్యకు కూడా విప్పకుండా కాపాడింది, నన్నూ కాపాడింది. నా తల్లి ఆమె మాట విన్నది, నా పేషెంట్లు విన్నారు. చివరికి నా ఒళ్లు కూడా నన్ను కాదని ఆమె మాటే విన్నది. చచ్చిపోయిన మనిషి మీద కూడా నాకు అసూయ పుట్టింది, అది కన్నీళ్లతో కలిసి పుట్టింది. ఆమెలాంటి మనిషి ఇంకొకరు నా వరండాలోకి రారని ఆ క్షణంలో నాకు తెలిసింది.

"నాకు షుగరున్నది" అన్నాను.

"ఎరికే. అన్నం పెట్టొద్దన్ననాడే సమజైంది" అన్నది నా భార్య, కళ్లు తుడుచుకుంటూ.

ఆ రాజన్న నేనే. నా పేషెంట్లందరికీ ఈ అక్షరాల సాక్షిగా చెబుతున్నాను. షాహెదక్కకు నేను అర్పించగల అశ్రునివాళి ఇదొక్కటే. ఆమె నా నోట వినాలని ఆరేళ్లు ఎదురుచూసిన ఆ చిన్న మాట, ఆమెను మట్టిలో పెట్టివచ్చిన మరునాడు చెప్పాను.