క్లారినెట్ ఆయన కూతురి పెళ్లి

కాకినాడలో ఉన్నప్పటి నుంచీ పెళ్లి బ్యాండు వాళ్ల బొమ్మలు గీస్తూనే ఉన్నాను. ఎన్ని గీసినా తనివి తీరదు. వాళ్లను పలకరించే ధైర్యం మాత్రం ఎప్పుడూ రాలేదు. మొన్న చేవెళ్ల నుంచి మొయినాబాద్ వెళ్లే బస్సులో, ఒళ్లో క్లారినెట్ పెట్టుకుని నా పక్కన కూర్చున్న పెద్దాయనే నేను గీస్తున్న బొమ్మ చూసి పలకరించాడు.

“మా బ్యాండోళ్లనే గీస్తున్నవా బిడ్డా? బుగ్గలు జర ఎక్కువనే ఉబ్బించినవ్.”

వచ్చే ఆదివారం తన కూతురి పెళ్లని చెప్పాడు. “మీరే వాయిస్తారా?” అని అడిగాను.

“ఏడ ఊదుత? పిల్ల తండ్రి అల్లుని కాళ్లు కడగాలె గని బ్యాండుల ఊదుతడా, మంది నవ్వరా అని మా ఇంటామె ఒట్టు పెట్టించుకున్నది. ఊరందరి బిడ్డలకు ఊదిన. నా బిడ్డకే లేకపాయె.”

“మీ అమ్మాయి బరాత్ ఊరేగింపులో మీరు వాయిస్తున్నట్టు గీసి ఇవ్వనా?” అన్నాను.

“గియ్యి బిడ్డా. గని నాకు బ్యాండు కోటు వద్దు. పెండ్లికి కుట్టిచ్చుకున్న తెల్ల అంగి ఎయ్యి. తండ్రే ఊదుతున్నడని తెలవాలె.”

ఎర్ర కోట్ల వాళ్ల మధ్య, పెళ్లికూతురి కారుకు ముందు, తెల్ల చొక్కాలో ఆయనను నిలబెట్టాను. మొయినాబాద్ రాకముందే కాగితం చింపి ఇచ్చాను. అది నలగకుండా రెండు చేతులతో పట్టుకోవడానికి ఆయన తన క్లారినెట్‌ను నా ఒళ్లో పెట్టాడు.