ఫ్రేము మీద కుంకుమ

సూర్యాపేటలో చిత్రకళా మేళా అంటే మొదట నమ్మలేదు. పెళ్ళిళ్ళకు కిరాయికిచ్చే ఫంక్షన్ హాల్లో బొమ్మలు అమ్ముతారట! ఆదివారం మా అత్తమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను. పెన్‌పహాడ్ పొలాల్లో నాట్లు వేసి వేసి నడుము వంగిన మనిషి. లోపల అడుగు పెడుతూనే "బువ్వలు ఏ దిక్కు?" అని అడిగింది. నవ్వలేక చచ్చాను.

గుమ్మం దగ్గరే నిర్వాహకుడు అందరికీ చెప్తున్నాడు. బొమ్మకు ఎర్ర చుక్క అంటించి ఉంటే అమ్ముడుపోయినట్టు. నేను విన్నాను. అత్తమ్మ చెప్పులు ఎక్కడ విడవాలా అని వెతుకుతోంది.

పేరున్న చిత్రకారులెవరూ లేరు. నాకదే నచ్చింది. మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒకాయన రైస్‌మిల్లు బస్తాలు విప్పి, వాటిమీది అచ్చు అక్షరాలు చెరపకుండా హమాలీల వీపులు గీశాడు. తుంగతుర్తి టీచరమ్మ ఒకామె బస్టాండు గీసింది, ఒక్క మనిషి కూడా లేకుండా. "ఇంత ఖాళీ బస్టాండు మన దగ్గర యాడుందమ్మా?" అంటే, "లేదు గనుకనే గీసిన" అంది. భలే మనిషి!

చివర్లో కోదాడ అమ్మాయి బొమ్మ. నాటు వేస్తున్న ఆడమనిషి, వెనక నుంచి. ఎగదోపిన చీర, వంగిన నడుము, మోకాళ్ళ దాకా బురద. ముఖం కనిపించదు.

"మా అమ్మే, అక్కా" అంది ఆ పిల్ల. "ఇవాళ ఇది అమ్ముడుపోకపోతే ఇక రంగులు మానెయ్యమన్నాడు నాన్న. కాలేజీ ఆఫీసులో ఉద్యోగం మాట్లాడాడు, రేపే చేరాలి." మిర్యాలగూడ డాక్టరొకాయన మాత్రం ఒకసారి హాలంతా చూసి వస్తాను, ఇదే తీసుకుంటాను అని చెప్పి వెళ్ళాడట. పొద్దుటి నుంచి ఏమీ తినలేదంటే, బలవంతంగా టీకి లాక్కెళ్ళాను.

అత్తమ్మ ఆ బొమ్మ ముందే ఉండిపోయింది. కొత్త బండైనా, కుట్టుమిషనైనా, బొట్టు పెట్టనిదే ఊరుకునే మనిషి కాదు. పొద్దున గుళ్ళో ఇచ్చిన కుంకుమ కొంగున ముడేసుకుని ఉంది. మేము తిరిగొచ్చేసరికి ఫ్రేము మూలన గుండ్రంగా బొట్టు పెట్టేసి, కళ్ళు మూసుకుని ఇంకా దండం పెడుతూనే ఉంది.

"డాక్టరుగారు ఎర్ర చుక్క చూసి, అయ్యో పోయిందే అని వేరే బొమ్మ తీసుకెళ్ళిపోయారు. నేనూ అమ్ముడైందనే అనుకున్నా" అన్నాడు నిర్వాహకుడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎంత పని జేసినవ్ అత్తమ్మా! పిల్ల నోటికాడి కూడు పడగొట్టినవ్ గదా!"

"ఏం జేసిన? నాటేసే మనిషికి దండం వెట్టిన. గది గూడ తప్పేనా?"

ఆ పిల్ల టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తిట్టినా బాగుండేది.

అంతలో బొమ్మలు ఆటోలో వేసుకుపోవడానికి వాళ్ళ నాన్న వచ్చాడు. ఎర్రగా కనిపించేసరికి "పోయిందా!" అంటూ గబగబా దగ్గరికొచ్చాడు. తాకితే వేలికి అంటుకుంది.

"ఇది కుంకుమ కదా. ఎవరు పెట్టారు?"

"నేనే బిడ్డా" అంది అత్తమ్మ. "గా నడుము సూస్తే నా నడుమే యాదికొచ్చింది. ఇన్నేండ్లు వంగినం, మాకెవ్వలన్న దండం వెట్టిండ్రా?"

ఆయన వంగి, బొమ్మలోని తన భార్య నడుమును దగ్గరగా చూశాడు. "నేను తీసుకుంటానండీ, ఎంతో చెప్పండి" అన్నాను.

"వద్దమ్మా. బొట్టు పెట్టిందాన్ని అమ్ముకుంటామా?"

భుజం మీది తువ్వాలు తీసి, కుంకుమ చెదరకుండా బొమ్మకు చుట్టాడు. కూతురు బెదురుగా, "మరి రేపు ఆఫీసు?" అంది.

"వాళ్ళకి నేను చెప్తాలే. మళ్ళీ మేళా ఏ ఊళ్ళోనో కనుక్కో. ఈసారి మీ అమ్మని కూడా తీసుకొద్దాం."