మునసబు పక్కన ఎవరు?

అరవయ్యో దశకం మొదట్లో ఉపాధ్యాయ శిక్షణకు ప్రవేశ పరీక్ష రాయడానికి వాకాడు దగ్గరి మా ఊరి నుంచి నెల్లూరు వెళ్ళాను. ఆ ఏడు కొత్తగా తర్కం ప్రశ్నలు చేర్చారు. వాటిలో ఒకదాన్ని ఇంటికి రాగానే రాసి పెట్టుకున్నాను. కనుక మాట మారకుండా చెప్పగలను.

"ఒక బల్లపై నలుగురు వరసగా కూర్చున్నారు: మునసబు, కరణం, రైతు, జాలరి. మునసబు ఈ చివర, కరణం ఆ చివర ఉన్నారు. మునసబు పక్కన ఎవరు?"

రైతుకు గాని జాలరికి గాని వేరే షరతు లేదు. ఒకరి చోట మరొకరిని కూర్చోబెట్టినా ఇచ్చిన మాట ఒక్కటీ తప్పదు. "ఇద్దరిలో ఎవరైనా కావచ్చు" అని రాశాను.

మధ్యాహ్నం మౌఖిక పరీక్షలో పెద్ద పరీక్షకుడు నా పత్రాన్ని ముందుకు జరిపాడు.

"అన్నీ బాగా రాసినావు అబ్బయ్యా. ఇదొక్కటే తప్పు. రైతు అని దిద్దు, సీటు నీదే."

"రైతు అని ఎక్కడ చెప్పినారు సార్?"

"అన్నీ చెప్పాల్నా? మునసబు పక్కన జాలరోణ్ణి కూర్చోబెడతారా ఎవురన్నా?"

"చెప్పంది నేనెట్ట చేర్చేది సార్?"

పక్కనున్న రెండో పరీక్షకుడు పకపకా నవ్వాడు. "ఈయన పిల్లకాయలకు పాఠం చెప్తే ఇంకేముంది, పట్టపుపాళెం జాలరోళ్ళంతా ముందు బెంచీకొస్తారు! ఏమయ్యా, నువ్వు రైతుబిడ్డవే గదా? నీ మనిషికే పెద్దపీట వేస్తా ఉంటే నీకేం నొప్పి?"

నాకు ఒళ్ళు మండింది. ఊళ్ళో ఎవరెక్కడ కూర్చుంటారో నాకు తెలియక కాదు. మా అరుగు కిందనే నిలబడి చేపల బేరం చేసి వెళ్ళేవారిని చూస్తూ పెరిగాను. అది ఊరి అన్యాయం. దాన్ని పరీక్ష గదిలోకి తెచ్చి తర్కమని పేరు పెట్టడం రెండో అన్యాయం. పైగా అందులో నా వాటా నాకు చూపి, సంతకం పెట్టమన్నట్టు కలం అందించడం!

కలం ముట్టుకోలేదు. సీటు రాలేదు.

"ఒక్క మాట దిద్దుంటే నీ సొమ్మేం బొయ్యేది?" అన్నాడు నాయన. ఏడాది పాటు ఆయనతో పాటే నారుమళ్ళలో దిగాను.

మరుసటి ఏడు మళ్ళీ రాశాను, సీటు వచ్చింది. ఆ ప్రశ్న మాత్రం పత్రంలో లేదు. జవాబు దిద్దడానికి వారికి మనసొప్పలేదు, ప్రశ్ననే ఎత్తేశారు.