సోమయ్య నావకు ఆనిన భుజం

మొన్న పలాస నుంచి టెక్కలి వచ్చే బస్సులో ఒకామె ఎండుచేపల గంప పెట్టుకుని కూర్చుంది. ఆ వాసనకి పక్కవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. నాకు మాత్రం నీలమ్మత్త గుర్తొచ్చింది. ఆమె నాకు చుట్టం కాదు, పక్కింటి మనిషి. వజ్రపుకొత్తూరు వైపు సముద్రం ఒడ్డున ఉన్న మా ఊళ్ళో ఎండుచేపలు అమ్ముకుని బతికింది. సంతకం పెట్టడం రాదు. ఎదుటివాడి మాట వినడం మాత్రం నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా ఊరి పక్కన ఎవరో రొయ్యల చెరువులు తవ్వారు. ఏడాది తిరక్కుండా మా బావుల్లో నీళ్ళు ఉప్పెక్కాయి. చెరువులు మూయాలని ఊరంతా రోడ్డెక్కింది. అందరికంటే ముందు నిలబడింది నీలమ్మత్తే. ఎమ్మార్వో ఆఫీసు ముందు మూడు రోజులు ఎండలో కూర్చుంది. పోలీసులు లేపబోతే, "మా నీళ్ళ గురించి మేం సెప్పుకోకూడదేటి బాబూ? ఎవుల్నీ కొట్నేదు, తిట్నేదు. కూకున్నాం" అంది. నేనప్పుడు ఊరి యువజన సంఘం కార్యదర్శిని. పాతికేళ్ళ వయసు, గొంతు పెద్దది, బుర్ర చిన్నది.

ఆ ఆదివారం ఊరి మీటింగులో సోమయ్య లేచాడు. అతనికి ఒక నావ ఉంది. కూతురు ఆ చెరువుల దగ్గరే కూలికి వెళ్ళేది. "సెరువులు మూసేత్తే మా పిల్ల పని పోద్ది. నాను ఒప్పుకోను" అన్నాడు. మాట పూర్తి కాకుండానే గోల చేసి కూర్చోబెట్టాం. అంతటితో ఊరుకున్నామా? ఇకమీదట అతని నావ మీద ఎవరూ చెయ్యి వేయకూడదని తీర్మానం కూడా చేశాం. రాసింది నేనే. మా దగ్గర వేట నుంచి వచ్చిన నావను ఒడ్డెక్కించడం ఒకరిద్దరి వల్ల అయ్యే పని కాదు. నావ ఎవరిదైనా సరే, కనబడ్డవాళ్ళంతా వచ్చి తోస్తారు. తోయకపోతే కెరటాలు దాన్ని తిరగేసి పగలగొట్టేస్తాయి. అది తెలిసే రాశాను. అత్త ఆ రోజు పలాస వెళ్ళింది, జరిగిందంతా రాత్రి పొద్దుపోయి తిరిగొచ్చాకే ఆమెకి తెలిసింది. ఊళ్ళో ఉంటే నన్ను రాయనిచ్చేది కాదు.

మర్నాడు పొద్దున్న సోమయ్యా అతని కొడుకూ వేట నుంచి వచ్చారు. ఒడ్డున మేం నలభై మందిమి చేతులు కట్టుకుని నిలబడ్డాం. తండ్రీకొడుకులు తోస్తున్నారు, కెరటం వచ్చి నావను పక్కకి వాల్చేస్తోంది. నాకు లోపల సంతోషంగానే ఉంది, దాచుకోవడం దేనికి. అంతలో చేపలు కొనడానికి వచ్చిన నీలమ్మత్త గంప కింద పెట్టి, చీర ఎగదోపుకుని నీళ్ళలోకి దిగింది. నావకు భుజం ఆనించింది.

"అత్తా, ఆడు మనకి అడ్డం మాట్లాడినోడు!" అని అరిచాను.

ఆమె తల తిప్పలేదు. "మాట్లాడితే మాటకి మాట సెప్పు అల్లుడా. నీకు నోరు నేదేటి? ఆడి పొట్ట మీద కొడతావేటి?"

ఎవరూ కదల్లేదు. పెద్ద కెరటం ఒకటి వచ్చి కొట్టేసరికి అత్త కాలు జారి నీళ్ళలో పడింది. ఉప్పునీళ్ళు ఉమ్మేసి లేచింది, మళ్ళీ భుజం పెట్టింది. "ఆపీసరు మన మాట ఇన్నేదని మూడ్రోజులు ఏడ్సాం. ఈడి మాట మనం ఇన్నామేట్రా?"

అప్పుడు వెళ్ళాను. నా వెనక మిగతావాళ్ళు వచ్చారు. నావ ఒడ్డెక్కేసరికే పక్క చెక్క ఒకటి పగిలిపోయింది. సోమయ్య మా ఎవరి వైపూ చూడలేదు. అత్త అతనితోనూ మెత్తగా ఏమీ మాట్లాడలేదు. "నీ మాట తప్పే సోమయ్యా. ఆదివారం మీటింగుకి రా. నువ్వు సెప్పిందంతా ఇని, తప్పని నీ మొకం మీదే సెప్తాను" అంది. అతను వచ్చాడు, చివరిదాకా మాట్లాడాడు. అత్త అన్నంత పనీ చేసింది. చెరువులు మూతపడింది మాత్రం చాలా ఏళ్ళ తర్వాత. అప్పటికే మా ఉద్దానంలో ఎంతోమందిని పొట్టన పెట్టుకున్న కిడ్నీ జబ్బు ఆమెనూ తీసుకుపోయింది.

ఇప్పుడు నేను టెక్కలిలో టీచర్ని. మా టీచర్ల సంఘం మీటింగులు నడిపేది నేనే. ఎవరైనా లేచి అడ్డం చెబితే నాకు ముందు వచ్చేది కోపమే. అయినా అతను చెప్పడం అయ్యేదాకా ఎవరినీ అరవనివ్వను. అది నా మంచితనం అనుకుంటారు మావాళ్ళు. అరవై ఏళ్ళ మనిషి నీళ్ళలో పడి లేచేదాకా ఒడ్డున చేతులు కట్టుకుని నిలబడ్డవాణ్ణని వాళ్ళకి తెలియదు.