కవర్లు విప్పకముందు చెప్పిన ఫలితం

ఆరేళ్ళుగా ఒక ఓట్ల లెక్కను మోస్తున్నాను. అది నాకు తప్ప ఎవరికీ తెలియదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నానేమో. నా పేరు మాత్రం అడగకండి.

ఈ చలికాలం ఒక ఉదయం, ఆఫీసుకు బయల్దేరే ముందు టీవీ పెట్టాను. అమెరికాలో ప్రైమరీలు, అంటే పార్టీలు తమ అభ్యర్థిని తేల్చుకునే ఎన్నికలు. ఇంకా కొన్ని పెట్టెలే లెక్కించారట. పటం ముందు నిలబడ్డ మనిషి ఏ ఊరి ఓట్లు వచ్చాయో, ఏ ఊరివి రాలేదో వేలితో చూపించి, ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నాడు. ఎంత తేలిగ్గా అనేశాడు! సిగ్గుపడలేదు. ఎవరూ అతన్ని చూసి నవ్వలేదు. నేను టీ కప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. బస్సు తప్పిపోయింది.

అప్పట్లో మేం ఎడిన్‌బర్గ్‌లో ఉండేవాళ్ళం. స్కాట్లాండ్ అంతా కలిపినా మా తెలుగు సంఘం చిన్నదే. బ్రిటన్ మొత్తానికీ కలిపి లండన్‌లో ఉన్న పెద్ద సంఘం ఎన్నికలకు మా తరఫున ఒక్క పేరే పంపాలి. ఆ పేరు తేల్చుకోవడానికి ముందుగా మాలో మేమే ఓట్లు వేసుకునేవాళ్ళం. ఆ ఏడు ఇద్దరు నిలబడ్డారు. ప్రసాద్ గారు నేను పనిచేసే బ్యాంకులోనే నాకంటే పెద్ద హోదాలో ఉండేవారు. శనివారం వచ్చిందంటే మా అందరి భోజనాలూ వాళ్ళింట్లోనే. రెండో మనిషి వరలక్ష్మక్క. అనంతపురం వైపు మనిషి, ఆసుపత్రిలో నర్సు. ఇంగ్లీషు రాక జీపీ డాక్టరు దగ్గర నోరు పెగలని మనవాళ్ళు ఏ ఊరి నుంచి ఫోన్ చేసినా, అవతల డాక్టరుకు తను మాట్లాడి పెట్టేది. ఆ పని ఒక్కతే చేయలేక, దానికోసం దేశమంతటికీ ఒక ఫోన్ లైను పెట్టించాలని ఆమె కోరిక. అందుకే నిలబడింది.

మాకొక అలవాటు ఉండేది. ఓట్లు చివరిదాకా లెక్కపెట్టేవాళ్ళం కాదు. వారం వారం కలిసి తినేవాళ్ళం; ఎవరికెన్ని పడ్డాయో తెలిస్తే మొహాలు చెల్లవని భయం. గాలి ఎటు ఉందో తెలియగానే వెనకబడ్డవాళ్ళు మైకు దగ్గరికి వచ్చి తప్పుకునేవారు. మిగతా ఓట్లు విప్పకుండానే ఏకగ్రీవమని లండన్‌కు ఉత్తరం రాసేవాళ్ళం. తప్పుకున్నవారికి శాలువా. మర్యాదైన పద్ధతే. కానీ దానికి గాలి ఎటు ఉందో చెప్పే మనిషి ఒకడు కావాలి. బ్యాంకులో నా పని అంకెలతోనే కాబట్టి ఆ మనిషి నేనయ్యాను.

జూన్ నెల. అద్దెకు తీసుకున్న చర్చి హాలు. రాత్రి తొమ్మిదవుతున్నా అక్కడ సాయంత్రం నాలుగు గంటల వెలుగే. ఎత్తైన కిటికీల్లోంచి పడే ఆ ఎండ ఎక్కడికీ జరిగేది కాదు. దాంట్లో దుమ్ము తేలుతూ ఉంది. బయట సముద్రపు కొంగల అరుపులు. పిల్లలు కుర్చీల మధ్య పరిగెడుతున్నారు గానీ వాళ్ళ చప్పుడు ఎక్కడో నీళ్ళ కింద నుంచి వస్తున్నట్టు ఉంది. ఇప్పుడు తలుచుకుంటే అదంతా ఎవరో నాకు చెప్పిన కలలా ఉంటుంది. కలైతే ఎంత బాగుండును.

హాల్లో వేసినవి, అంటే మా ఎడిన్‌బర్గ్ ఓట్లు, ముందు లెక్కపెట్టాను. ప్రసాద్ గారికి నలభై ఒకటి, అక్కకు ఇరవై రెండు. గ్లాస్గో, అబర్డీన్ వాళ్ళు పోస్టులో పంపిన కవర్లు ఇంకా యాభై రెండు. ప్రసాద్ గారి స్నేహితుడొకాయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

“ఏవయ్యా జ్యోతిష్కుడూ, ఇంకా గుణకారాలేనా? అవతల బిర్యానీ చల్లారిపోతోంది.”

“అయిపోయినట్టేనండీ. కవర్లలోనూ ఇవే పాళ్ళుంటాయి. ఇక తేడా పూడదు” అన్నాను.

“అద్గదీ! లెక్కంటే మనవాడిదే.”

అందరూ నవ్వారు. ప్రసాద్ గారు దూరం నుంచే తల ఊపారు. నాకు బాగుంది. నిజం చెప్పాలి కదా, చాలా బాగుంది.

అక్కకు చెప్పడానికి వెళ్తూ కవర్ల కట్ట చేతిలోకి తీసుకున్నాను. వెనకవైపు పంపినవాళ్ళ పేర్లున్నాయి. వంకర ఇంగ్లీషు అక్షరాలు. ఒక్కొక్క పేరూ చదువుకుంటూ నడక నెమ్మది చేశాను. ఫలానా ఆమె కాన్పు, ఫలానా వాళ్ళ నాన్న గుండెనొప్పి. అన్నీ అక్క ఫోనులో మాట్లాడిపెట్టిన ఇళ్ళే. ఎడిన్‌బర్గ్ పాళ్ళు వీటికెలా సరిపోతాయి? బ్యాంకులో ఇలాంటి తప్పు చేస్తే నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి. అప్పటికింకా అది తప్పు మాత్రమే. వెనక్కి పది అడుగులు వేసి, తొందరపడ్డాను, కవర్లు విప్పుదాం అంటే సరిపోయేది. నేను ముందుకే నడిచాను.

వంటగదిలో ఆమె గ్లాసులు తుడుస్తోంది.

“ఏమప్పా, అయిపాయనా?”

“అయిపోయిందక్కా.”

“కవర్లు ఉండాయి గదా ఇంకా? అబర్డీనోళ్ళు నాకే వేసింటారనుకుంటినే.”

నేను కట్టను బల్ల మీద వెనకవైపు కిందికి ఉండేలా పెట్టాను. పేర్లు కనబడకుండా. “కొన్ని విప్పి చూశానక్కా. అటునుంచి కూడా లేవు.”

“ఒక్కటీ లేదా?”

“పెద్దగా లేవు.”

ఆమె గ్లాసును కిటికీ వైపు ఎత్తి మరక ఉందేమోనని చూసింది. “పోనీలేప్పా. నేనే అనవసరంగా ఆశపడితి” అంది. చేతులు తుడుచుకుని మైకు దగ్గరికి వెళ్ళి, నవ్వుతూ తప్పుకుంది. శాలువా కప్పారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఎందుకలా అన్నాను? ప్రసాద్ గారి ప్రాపకం కోసమా? అదే అయితే కొంచెం నయం, కనీసం దానికొక కారణం ఉండేది. ఎన్నిసార్లు తవ్వి చూసుకున్నా నాకు కనబడేది అంతకంటే చిన్నది, ఇరవై మంది ముందు అన్న మాటను ఐదు నిమిషాల్లో వెనక్కి తీసుకోలేని చిన్నతనం. దానికోసం ఒక మనిషికి, నీవాళ్ళు నిన్ను వద్దనుకున్నారని చెప్పాను. ఓడిపోవడం ఒకటి. ఇది వేరు.

ఆమె మారిపోయింది. భోజనాలకు రావడం మానేసింది. రాత్రి డ్యూటీలు ఎక్కువయ్యాయని అనేది. కొన్నాళ్ళకు గ్లాస్గో నుంచి ఒకాయన నాకు ఫోన్ చేసి, అక్క నంబరు మారిందా, ఎత్తడం లేదు, మా ఆవిడకు నెలలు నిండాయి అని అడిగాడు. తెలియదన్నాను. ఆ తర్వాతి ఏడు అక్కావాళ్ళు లండన్ పక్కనున్న క్రోయిడన్ వెళ్ళిపోయారు. ఫోన్ లైను ఎవరూ పెట్టలేదు. ప్రసాద్ గారు లండన్‌లో నెగ్గి ఉగాదికి పెద్ద నాట్య ప్రదర్శన పెట్టించారు. నేను ముందు వరసలో కూర్చుని చూశాను.

ఆ కవర్లు పారెయ్యమని నాకే ఇచ్చారు. మర్నాడు ఆదివారం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఒక్కొక్కటే విప్పాను. ఎందుకు విప్పానో ఇప్పటికీ చెప్పలేను. నా అబద్ధం పొరపాటున నిజమై ఉంటుందని ఆశపడ్డానేమో. రెండుసార్లు లెక్కపెట్టాను. ప్రసాద్ గారికి పదకొండు. అక్కకు నలభై ఒకటి. ఒక చీటీ మీద ఎవరో, రాయకూడదని తెలియక, “మా అక్కకే” అని తెలుగులో రాశారు. అన్నీ చింపి నీలం చెత్తబుట్టలో వేశాను.

ఆమె చిరునామా కనుక్కోవడం కష్టం కాదు. మేమూ ఇప్పుడు లండన్‌లోనే ఉంటున్నాం; మా ఇంటి నుంచి ఒక రైలూ, ఒక ట్రామూ. రెండుసార్లు టికెట్ కొన్నాను కూడా. మొదటిసారి స్టేషన్‌లోనే ఆగిపోయాను. రెండోసారి దిగాల్సిన చోట దిగలేదు. ట్రాము చివరిదాకా వెళ్ళి, అదే సీట్లో కూర్చుని తిరిగి వచ్చాను. కిటికీలో ఇళ్ళు ఒకదాని వెనక ఒకటి కరిగిపోతుంటే, వాటిలో ఏదో ఒక ఇంట్లో ఆమె గ్లాసు ఎత్తి చూస్తోందనిపించింది.

ఆరోజు అరవై మూడు ఓట్లతో వరలక్ష్మక్క గెలిచింది. ఈ వాక్యం ఇప్పటిదాకా ఎక్కడా లేదు. ఇప్పుడు నా చేత్తో రాశాను, మీరు చదివారు. ఛాతీ మీద నుంచి ఏదో కొద్దిగా పక్కకు జరిగింది, కాదనను. దాన్ని క్షమ అనుకోవడం లేదు. క్షమించవలసిన మనిషికి నేనింకా ఏమీ చెప్పలేదు. ఈ కాగితం మీద ఆమె గెలిచింది. క్రోయిడన్‌లో ఇంకా ఓడిపోయే ఉంది.