ఫిల్టరు మొగులయ్య

నారాయణఖేడ్‌లో ఒకడికి పేకాట పిచ్చి, ఒకడికి పంచాయితీల పిచ్చి. మొగులయ్యకు మాత్రం తన అంబాసిడర్ కారుకు ఆయిల్ ఫిల్టరు మార్చే పిచ్చి. ఒంటిమీద చొక్కా మాసి అట్టకట్టినా పట్టించుకోడు గాని, ఫిల్టరు మాసిందని అనుమానం వస్తే చాలు, ముద్ద మింగుడుపడదు.

ఎనభైల నాటి మాట. ఊళ్ళో కిరాయి కార్లు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. బస్సు డిపో ముందు కారు నిలబెట్టి, బానెట్ ఎత్తి, తల ఇంజన్లో దూర్చి ఉండేవాడు మొగులయ్య. ఎవరు పలకరించినా జవాబు ఆ బొరియలోంచే వచ్చేది.

"మొగులయ్యా, పెండ్లికి కల్హేర్ పోవాలె. వస్తవా?"

"ఫిల్టరు ఏమంటదో చూసి చెప్త."

"ఏమంటది? అదేమన్న మీ అత్తనా?"

"అత్త అలిగితె పండుగకు పిలిస్తె సరిపోతది. ఫిల్టరు అలిగితె ఇంజనే బందు!"

తోటి డ్రైవరు జగన్నాథ్‌కు ఇది చూస్తే ఒళ్ళు మంట. "నేను రెండుసార్లు నూనె మారిస్తె ఒక్కసారి ఫిల్టరు మారుస్త. నా బండి నడుస్తలేదా?" అనేవాడు.

"నడుస్తది. దగ్గుకుంట మనిషి గూడ నడుస్తడు," అనేవాడు మొగులయ్య. "చాయ వడకట్టే గుడ్డను ఉతకకుంట ఎన్నొద్దులు వాడ్తవు? ఇంజనుకు ఫిల్టరు గూడ గంతే."

ఇంతకూ ఆ ఫిల్టరు ఖేడ్‌లో దొరకదు. బీదర్ పోవాలి. పోయి తోమా అనే మెకానిక్ చేతనే వేయించాలి, ఇంకొకడి చేయి పడితే మొగులయ్యకు గిట్టదు. ఒక్కోసారి నెలల తరబడి దాని ఊసే ఎత్తడు. ఒక్కోసారి వారం తిరగకుండానే "ఫిల్టరు మార్చాలె" అని బయలుదేరతాడు. పిచ్చికి లెక్కేముంది అనుకున్నారు జనం. ఆయన భార్య రామవ్వ మాత్రం ఒకరోజు వీధిలోనే నిలదీసింది.

"మాటిమాటికి బీదర్ పోతవు. గాడ ఎవతన్న ఉన్నదా?"

"ఉన్నది," అన్నాడు మొగులయ్య. "నల్లగ, గుండ్రంగ ఉంటది. నూనె తాగి గమ్మున కూసుంటది. నీ లెక్క మాట్లాడది."

వాళ్ళ పక్కిల్లు బసమ్మది. ఆమె భర్త సంగప్ప పిండి గిర్ని నడిపేవాడు. బసమ్మ ఒకరి సొమ్ము ఊరికే ముట్టే మనిషి కాదు. పొరుగింటివాళ్ళు గిన్నెడు పప్పు పంపితే ఆ గిన్నె ఖాళీగా తిరిగిపోదు, రొట్టెలో, పచ్చడో, ఏమీ లేకపోతే గుప్పెడు పల్లీలో పెట్టుకునే పోతుంది. "మన గిన్నె మనల్ని చూసి తల దించుకోవద్దు" అనేది ఆమె మాట.

అలాంటి ఇంట్లో సంగప్ప మంచాన పడ్డాడు. కాలేయం చెడి కడుపులో నీరు చేరింది. చేతులు పుల్లల్లా అయ్యాయి, కడుపు మాత్రం కుండలా ఉబ్బింది. వారం వారం బీదర్ దవాఖానలో ఆ నీరు తీయించుకోవాలి. మొదటిసారి బస్సులో తీసుకుపోయింది బసమ్మ. గుంత వచ్చినప్పుడల్లా సంగప్ప పళ్ళు బిగబట్టి ఆమె భుజం పట్టుకున్నాడు. ఇంటికొచ్చాక ఆ భుజం మీద వేళ్ళ గుర్తులు చూసుకుని, పొయ్యి దగ్గర కూర్చుని చప్పుడు కాకుండా ఏడ్చింది.

మర్నాడు మొగులయ్య గడపలో నిలబడ్డాడు.

"వదినె, సంగప్పన్నను వచ్చే బుధవారం జెర నాకు ఇస్తవా?"

"ఇచ్చుడేంది? ఆయనేమన్న గొడ్డలా, పారనా?"

"నాకు బరువు కావాలె. ఫిల్టరు పాడై ఉన్నది. ఖాళీ బండి తోలితె గుంతలల్ల ఎగిరి, ఫిల్టరు కదులుతది, ఇంజను పట్టేస్తది. వెనక సీట్ల ఇద్దరు మనుషులు కూసోవాలె."

"జొన్న సంచులు వేసుకోరాదు?"

"సంచి మలుపుల దొర్లుతది. మనిషైతె ఆపుకొని కూసుంటడు."

బసమ్మ భర్త వైపు చూసింది. గిర్నిలో పిండి సంగతి ఆమెది, ఇంజను సంగతి సంగప్పది. సంగప్ప గోడవైపు తిరిగి దగ్గాడు. దగ్గు ఆగాక, "మొగులయ్య చెప్పేది నిజమే బసమ్మా. బరువు లేకుంటె కష్టం. పోదాం పా, పాపం పరేషాన్ అవుతుండు," అన్నాడు.

అలా మొదలైంది. బుధవారం వస్తే మొగులయ్యకు ఉపకారం చేయడానికి మొగుడూ పెళ్ళామూ కారెక్కేవారు. బసమ్మ జొన్నరొట్టెలు కట్టుకొచ్చి, "బరువుల ఇవి గూడ లెక్క పెట్టుకో," అనేది దర్జాగా. పోయేటప్పుడు బరువు నియమం. బీదర్‌లో ఇంకో నియమం: వేడి మీద ఫిల్టరు విప్పితే చేతులు కాలుతాయి, కాబట్టి ఇంజను చల్లారాలి. అది సరిగ్గా దవాఖానలో పని ముగిసేదాకా చల్లారేది కాదు. ఇక తిరుగు దారిలో మూడో నియమం.

"కొత్త ఫిల్టరు కొత్త పెండ్లికూతురు అసుంటిది వదినె. మొదటి దారి మెల్లగ తీస్కపోవాలె. ఉరికిచ్చినవా, పుట్టింటికి పోతనంటది."

మనూర్ దాటాక గుంతల దారి. అక్కడ ఎడ్లబండ్లు కూడా కారును దాటిపోయేవి. సంగప్ప బసమ్మ ఒడిలో తలపెట్టుకుని నిద్రపోయేవాడు. ఆమె ఆ నిద్ర చెడకుండా ఊపిరి కూడా మెల్లగా తీసేది. తర్వాత వాడలో ఆడవాళ్ళ దగ్గర మాత్రం చేతులు తిప్పుతూ చెప్పేది: "గసుంటి పిచ్చోన్ని యాడ చూడలె! మేం కూసోకుంటె ఆయన బండే కదలదు!"

వానాకాలం పోయింది, చలి వచ్చింది. నీళ్ళు తీసిన రెండోరోజుకే కడుపు మళ్ళీ నిండసాగింది. ఒక తెల్లవారుజామున సంగప్ప "దూప" అని, గ్లాసు వచ్చేలోగా పోయాడు.

దినాలు అయ్యాయి. గిర్ని తలుపుకు తాళం పడింది. బసమ్మ ఇద్దరికి సరిపడా రొట్టెలు చేసి, ఒకరివి పక్కన పెట్టి, మళ్ళీ గుర్తొచ్చి కుక్కకు వేసేది. అయితే దుఃఖంలో కూడా ఆమె మనసులో ఒక ముల్లు. మొగులయ్యకు బరువుగా కూర్చున్న మాట నిజమే గాని, ఆఖరి రోజుల్లో ఆయన సంగప్పను చేతుల మీద ఎత్తి సీట్లో కూర్చోబెట్టాడు. సీటు పాడైతే కడుక్కున్నాడు. అది బరువు లెక్కలోకి రాదు. ఏం ఇస్తే ఈ గిన్నె నిండుతుంది? ఆలోచించి ఆలోచించి, మొగులయ్యకు లోకంలో ఇష్టమైనది ఒక్కటే అని తేల్చుకుని, బస్సెక్కి బీదర్ పోయింది.

"అంబాసిడర్‌కు ఫిల్టరు ఇయ్యి నాయనా," అంది తోమాతో. "ఖేడ్ మొగులయ్య బండికి. వారం వారం మార్చినవు గద, నీకు ఎరుకే."

తోమా చేతులు తుడుచుకుంటూ ఆగాడు. "వారం వారమా? అమ్మా, పోయిన ఉగాదికి ముందు పెట్టిన. మళ్ళ మార్చలె. నూనె మార్చినప్పుడల్లా ఫిల్టరు మార్చాలె, దుమ్ము దారిల ఇంక జల్దీ మార్చాలె, నీ ఇంజను పోతది అని మొత్తుకుంటున్న. 'వచ్చేసారి, వచ్చేసారి' అంటడు."

"మరి వచ్చుడు?"

"వస్తుండె. చాయ తాగి, దవాఖాన దిక్కు చూసుకుంట కూసుంటుండె. పోయినేడు గూడ గంతే, గప్పుడు వేరే ఎవరినో తెస్తుండె."

"వెనక బరువు లేకుంటె ఫిల్టరు కదులుతదట గద?"

"అది ఇంజనుకు బోల్టు బిగించి ఉంటదమ్మా. వెనక ఏనుగు కూసున్నా దానికి తెల్వది."

బసమ్మ పక్కనున్న టైరు మీద కూలబడింది. తోమా నీళ్ళు తెచ్చిచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు. "నువ్వు మందుల లైన్ల ఉన్ననాడు మీ ఇంటాయన ఒకసారి ఈడికి వచ్చిండు. 'గిర్ని ఇంజను తోటే ముసలోన్నైతిని, నాకు తెల్వదా? మా ఇంటామెకు చెప్పకుండ్రి. తెలిస్తె రేపే నన్ను బస్సుల ఎక్కిస్తది' అన్నడు. ఆయన, మొగులయ్య ఇద్దరు ఒకటే నవ్వుడు. నవ్వితె కడుపు నొస్తదని పట్టుకొని, మళ్ళ నవ్విండు."

ఫిల్టరు డబ్బా కొనుక్కుని బసమ్మ తిరుగు బస్సెక్కింది. మనూర్ దాకా కోపం. ఇద్దరు మగవాళ్ళు కలిసి తనను పిచ్చిదాన్ని చేశారు! దిగగానే మొగులయ్యను నలుగురిలో నిలబెట్టి కడిగేయాలి. మనూర్ దాటాక బస్సు గుంతలో పడింది. ఆమె చేయి తనంతట తానే ఒడి మీదికి పోయింది, అక్కడ తల లేదు. అన్ని నెలల నొప్పిలో ఆయన ఒకరోజు కడుపు పట్టుకుని నవ్వాడట. ఆ నవ్వు ఎలా ఉండి ఉంటుందో తలచుకుంటూ కొంగు నోట్లో కుక్కుకుంది.

డిపోలో దిగేసరికి మొగులయ్య ఎవరితోనో వాదులాడుతున్నాడు. కల్హేర్ నుంచి వచ్చిన దేవప్ప అనే రైతు, పక్కన రగ్గు కప్పుకుని వణుకుతున్న అతని తల్లి. ఇక్కడి డాక్టరు బీదర్ తీసుకుపొమ్మన్నాడు.

"నేను ఎట్లైన పోతున్న తమ్మీ, ఫిల్టరు మార్చాలె. వెనక బరువు కావాలె."

"మా అవ్వ పిట్టంత లేదు, ఆమె ఏం బరువు? ఊరికే ఎక్కుడు మాకొద్దన్నా. బస్సుల పోతం." దేవప్ప తల్లిని లేవనెత్తాడు. ముసలమ్మ మూలిగింది.

మొగులయ్య చటుక్కున కారు వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు. అంతలో బసమ్మ గొంతు ఖంగుమంది.

"ఓ తమ్మీ, ఆగు! మా ఆయన గిర్ని నడిపినోడు, ఇంజన్ల సంగతి మాకు తెల్వదా? గీ బండికి వెనక మనిషి లేకుంటె ఫిల్టరు నిలువది. మా ఆయన వారం వారం కూసుండి కాపాడిండు. ఇప్పుడు ఆయన లేడు. జెర నువ్వన్న పుణ్యం కట్టుకో."

దేవప్ప తటపటాయించాడు. "నిజమేనా అవ్వా?"

"నా మాట అబద్ధమైతె బీదర్‌ల మెకానిక్ తోమాను అడుగు."

దేవప్ప ఉపకారం చేసేవాడి దర్జాతో తల్లిని వెనక సీట్లో కూర్చోబెట్టి, పక్కన ఎక్కాడు. మొగులయ్య బసమ్మ కళ్ళలోకి చూడలేక, ఆమె చేతిలో డబ్బా వైపు చూశాడు.

"వదినె, అదేంది?"

"ఉల్లిగడ్డలు."

"డబ్బల ఉల్లిగడ్డలా?"

"ముసలామె పిట్టంతనే ఉన్నది గద. బరువుకు ఇవి గూడ పెట్టుకో." డబ్బాను దేవప్ప ఒడిలో పెట్టింది. "తమ్మీ, ఇది తోమా చేతికి ఇయ్యి. మొగులయ్యకు ఇయ్యకు, 'వచ్చేసారి' అంటడు."

మొగులయ్య తువాలుతో మొహం తుడుచుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"మెల్లగ పో," అంది బసమ్మ.

"మెల్లగ పోయేది వచ్చేటప్పుడు గద వదినె, కొత్తది పడ్డంక?"

"పాతదైతేంది? గన్నొద్దులు సేవ జేసింది. దానికి గూడ జెర మర్యాద ఉండాలె."

కారు కదిలింది. ఎంత మర్యాదగా కదిలిందంటే, వెనక నుంచి సైకిలు మీద వచ్చిన పాలాయన గంట కొట్టి, పక్కకు తప్పించుకుని, దాన్ని దాటి వెళ్ళిపోయాడు.